మొదటి అంచనా

బుధవారం పొద్దున పదిన్నరకి చిన్నరాములు అనే రైతు నారాయణఖేడ్ బస్సు దిగి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ముగ్గురిని దారి అడిగి, తువ్వాలలో చుట్టుకొచ్చిన బోర్డును ఆఫీసు బల్ల మీద పెట్టాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అది బోరు మోటారు స్టార్టరు లోపల ఉండే బోర్డు. కరెంటు వచ్చిన వెంటనే రైతు చేను దాకా నడవకుండా మోటారును అదే నడిపించాలి. కానీ చిన్నరాములు చేనులో కరెంటు వస్తోంది, బోర్డు మాత్రం నిద్రపోతోంది.

"పొద్దుగాల సలికి లేస్తలేదు సారూ," అన్నాడు. "ఎండ బడ్డంక దానంతట అదే లేస్తది. గంత సలిల నేను లేస్తున్న, మా బర్లు లేస్తున్నయి, దీనికేమొచ్చింది?"

సూపర్‌వైజర్ మధుబాబు ఆ ప్రశ్నకు జవాబు వెతకలేదు. బోర్డును తిరగేసి మూలన ఉన్న నీలిరంగు టిక్కును చూశాడు. "ఇది గూడ దయావతమ్మదే," అని రిజిస్టర్‌లో ముప్ఫై ఎనిమిదో గీత గీశాడు. సంక్రాంతికి ముందు చలి ముదిరినప్పటి నుంచి వెనక్కి వచ్చిన బోర్డులన్నింటి మీదా ఆ నీలి టిక్కే ఉంది. ఉండక ఏం చేస్తుంది? ఆ ఫ్యాక్టరీలో చివరి అతుకులు వేసి, పరీక్ష చేసి, టిక్కు పెట్టే మనిషి దయావతి ఒక్కతే. రైతుల దగ్గర శుభ్రంగా నడుస్తున్న రెండు వేల బోర్డుల మీద కూడా అదే టిక్కు ఉంటుంది. కానీ నడిచే బోర్డును తువ్వాలలో చుట్టుకుని ఎవరూ బస్సెక్కి రారు కనుక ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ గది మూలన కంప్యూటర్ ముందు కూర్చున్న జెన్నిఫర్‌కు కూడా తట్టలేదు. బీరంగూడ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే ఆ అమ్మాయికి ఇక్కడ చేరి పదకొండు నెలలైంది. బోర్డు తయారు కాకముందే దాని సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపించి, ఎక్కడ ఎంత కరెంటు పారుతుందో లెక్క తేల్చడం ఆమె పని. బోర్డులు వెనక్కి రావడం మొదలైనప్పుడు యజమాని నాగేశ్వర్ ఆమెను పిలిచి ఒకటే అడిగాడు: తప్పు డిజైన్‌దా, చేతి పనిదా? ఆమె పాత ఫైలు తెరిచి మళ్లీ నడిపించింది. లెక్క చక్కగా తేలింది. మూడు వారాల కిందట "డిజైన్‌లో లోపం లేదు" అని ఒక పేజీ రిపోర్టు రాసి సంతకం చేసింది. డిజైన్‌ది కాకపోతే మరి చేతి పనిదేగా. చలికి అతుకులు వదులవుతున్నాయని మధుబాబు తేల్చాడు. సోమవారం నుంచి దయావతిని టంకం పని నుంచి తీసేసి ప్యాకింగ్‌కు పంపాలని, శనివారం మీటింగ్‌లో ఆ మాట చెప్పాలని నిర్ణయమైంది. పద్నాలుగేళ్లుగా ఆమె కూర్చున్న బల్ల అది.

జెన్నిఫర్‌కు ఇంకో చిక్కు ఉంది. చిన్నప్పుడు చర్చిలో సండే స్కూల్లో ఆమెకు పాటలు నేర్పింది ఈ దయావతే. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక పలకరిద్దామని వెళితే దయావతి చెప్పులు వెతుక్కోవడంలో మునిగిపోయింది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

చిన్నరాములుకు కొత్త బోర్డు ఇచ్చి పంపించాక మధుబాబు జెన్నిఫర్ దగ్గరికి వచ్చాడు. డీలర్లకు పంపడానికి చెడ్డ అతుకుల ఫొటోలు కావాలని, రెండు రోజులు పరీక్ష బల్ల దగ్గర కూర్చుని తీసుకురమ్మని చెప్పాడు. ఆమె సరేనంది. లోపల మాత్రం ఆ పని ఇంకెవరికైనా అప్పగిస్తే బాగుండునని గట్టిగా అనుకుంది.

గురువారం పొద్దున ఆమె భూతద్దం, ఫోను పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. దయావతి పలకరించలేదు. పక్కనున్న స్టూలు మీది డబ్బాను తీసి కింద పెట్టింది, అంతే. కూర్చోమనడం అదేనని జెన్నిఫర్ అర్థం చేసుకుంది.

దయావతికి యాభై దాటాయి. కళ్లద్దాలకు ఒక పక్క పుల్ల విరిగితే దారం కట్టుకుంది. చేతులు మాత్రం పాతికేళ్ల మనిషి చేతులు. వేడెక్కిన టంకం పుల్ల మొనను తడి స్పాంజీ మీద ఒకసారి తుడుస్తుంది. బోర్డులో గుచ్చిన భాగం తీగకాలుకీ బోర్డుకీ ఒకేసారి ఆనిస్తుంది. మనసులో రెండు లెక్కపెడుతుంది. టంకం తీగ అందిస్తుంది, తీసేస్తుంది. సన్నటి పొగ లేచే లోపల ఆమె చేయి తర్వాతి కాలు మీద ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ గొంతులో ఏదో కీర్తన నడుస్తూనే ఉంటుంది, మధ్యలో అతుకు కష్టమైతే కీర్తన ఆగుతుంది, అతుకు కుదిరాక ఆగిన చోటు నుంచే అందుకుంటుంది.

జెన్నిఫర్ వాపసు వచ్చిన బోర్డులను ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి చూసింది. ఎనిమిది బోర్డులు, బోర్డుకు నూట పది అతుకులు. చెడ్డది ఒక్కటి దొరికితే ఒట్టు. పైగా దయావతి వాటికి కరెంటు ఇచ్చి చూపిస్తే ఎనిమిదింటిలోనూ పచ్చ దీపం వెలిగింది. రైతు ఇంట్లో లేవనివి ఇక్కడికి రాగానే బుద్ధిగా లేస్తున్నాయి. అటుగా వచ్చిన మధుబాబుకు ఆ మాట చెబితే, ప్రయాణంలో వేడికి అతుకులు సర్దుకుని ఉంటాయన్నాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ సమాధానం ఉంటుంది, అన్నీ దయావతి వైపే చూపిస్తాయి.

పదకొండింటికి టీ గంట మోగింది. దయావతి లేచి వెళ్లింది. ఖాళీగా కూర్చోవడం ఎందుకని జెన్నిఫర్ తొమ్మిదో బోర్డును తానే తగిలించి స్విచ్చి వేసింది. దీపం వెలగలేదు. తీగలు సరిచూసింది, ఆపి మళ్లీ వేసింది. వెలగలేదు. మంచి బోర్డును కాల్చేశానేమోనని ఆమెకు చెమట పట్టింది. ఇంతలో దయావతి టీ గ్లాసుతో వచ్చి, ఆ పిల్ల ముఖం చూసి, గ్లాసు పక్కన పెట్టి, ఎడమచేతి చూపుడువేలును రెండో ట్రాన్సిస్టర్ కాలుకు ఇలా తాకించి తీసేసింది. పచ్చ దీపం వెలిగింది.

"జెర లేపాలె గద బిడ్డా," అంది. మూడు వారాల్లో ఆమె జెన్నిఫర్‌తో అన్న మొదటి మాట అది.

జెన్నిఫర్ ఒకటొకటిగా అడిగి తెలుసుకుంది. ఈ బల్ల మీద ఇదివరకు కమల అనే ఆవిడ పని చేసేదట, అలా వేలు ఆనించడం ఆమె దగ్గర నేర్చుకున్నదేనట. బల్ల మీద ఉండేది పన్నెండు వోల్టులే కనుక షాక్ భయం లేదు. దీన్ని ఇక్కడ అందరూ బోర్డును లేపడం అనే అంటారు. మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పి దయావతి టీ ఊదుకుంది.

లేవని వాటినే లేపుతావా, అన్నింటినీనా అని జెన్నిఫర్ అడిగింది.

"ఏది లేస్తదో ఏది లేవదో సూసుకుంట కూసుంటె దినానికి అరవై బోర్డులు ఎట్లయితయి? స్విచ్చి ఏసుడు, ఏలు పెట్టుడు. అన్నిట్ని లేపుత."

ఆ మధ్యాహ్నం జెన్నిఫర్ ఆమెను బతిమాలి రెండు చేతులూ ఒడిలో పెట్టించింది. పన్నెండు బోర్డులకు ఎవరూ తాకకుండా కరెంటు ఇచ్చారు. ఏడు లేచాయి, ఐదు లేవలేదు. దయావతి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఆ ఐదింటినీ చూసింది. అప్పుడు జెన్నిఫర్‌కు చిన్నరాములు మాట గుర్తొచ్చింది. చలిలో చూడాలి. పటాన్‌చెరులో మధ్యాహ్నం పూట చలి ఎక్కడ దొరుకుతుందని ఆమె ఆలోచిస్తుంటే దయావతి క్యాంటీన్ వైపు గడ్డంతో చూపించింది.

క్యాంటీన్ ఫ్రిజ్ మధుబాబు పెరుగు డబ్బాకు అంకితం. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. దయావతి ఆ డబ్బాను భక్తిగా ఒక పక్కకు జరిపి, పన్నెండు బోర్డులను పాలిథీన్ కవర్లలో గట్టిగా చుట్టి లోపల పేర్చింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమె కీర్తన మామూలుకన్నా గట్టిగా వినిపించింది. కోపం పోయిందో లేదో గానీ ఆ పూటకి పక్కన పెట్టినట్టే ఉంది.

శుక్రవారం పొద్దున తీసి తగిలించారు. పన్నెండులో ఒక్కటి కూడా లేవలేదు. దయావతి వరుసగా పన్నెండింటికీ వేలు ఆనించింది. పన్నెండూ లేచాయి.

జెన్నిఫర్ గబగబా తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లి పాత ఫైలు తెరిచింది. తెరుస్తూనే ఏడో వరుస కనిపించింది. అది తన చేత్తో రాసిందే.

ట్రాన్సిస్టర్లు ఉన్న సర్క్యూట్ లెక్క ఒక్క దెబ్బకి తేలదు. వోల్టేజీ కొంచెం పెరిగితే కరెంటు ఎంతో పెరుగుతుంది, ఆ సంబంధం అంతా వంకరే. అందుకని కంప్యూటర్ ముందు ఒక అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా దగ్గర వంకరను తిన్నని గీత అనుకుని లెక్క కడుతుంది. వచ్చిన జవాబును కొత్త అంచనాగా తీసుకుని మళ్లీ కడుతుంది. పాత అంచనాకూ కొత్త అంచనాకూ తేడా లేకుండా పోయేదాకా ఇదే పని. ఒక్కోసారి అంచనా అటూ ఇటూ ఊగుతూ ఎక్కడా నిలబడదు, అప్పుడు జవాబు కుదరలేదని చెప్పి కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. పది నెలల కిందట ఈ సర్క్యూట్ రెండు రోజులు అలాగే సతాయించింది. మూడో రోజు జెన్నిఫర్ కాలేజీలో నేర్పినట్టు ఒక వరుస చేర్చింది: ఏడో బిందువు దగ్గర సున్నా పాయింట్ ఆరు వోల్టులు ఉందనుకుని మొదలుపెట్టు. నాలుగు చుట్లలో జవాబు వచ్చేసింది. ఆ సంతోషంలో ఆ రోజు అందరికీ సమోసాలు కూడా పంచింది.

ఆ జవాబు తప్పేమీ కాదు. కానీ ఈ సర్క్యూట్‌కు సరైన జవాబులు రెండున్నాయి. ఒకదానిలో కరెంటు పారుతుంది, బోర్డు పని చేస్తుంది. రెండోదానిలో ఎక్కడా ఏమీ పారదు, పారడం లేదు కనుక పారకుండానే ఉండిపోతుంది. లెక్కకు రెండూ సమ్మతమే. ఎక్కడ మొదలుపెట్టామో దాన్ని బట్టి ఏదో ఒక దాని దగ్గరికి చేరుకుంటాం. ఏడో బిందువు అంటే ఎక్కడో కాదు. రెండో ట్రాన్సిస్టర్ కాలు. ఎండకో వేలికో అక్కడ రవ్వంత కరెంటు అందితే బోర్డు లేస్తుంది, చలిలో ఆ రవ్వ కూడా ఉండదు.

జెన్నిఫర్ ఆ వరుసను కొట్టేసింది. ఈసారి ఇంకో పద్ధతి పట్టింది. సర్క్యూట్‌కు ఇచ్చే వోల్టేజీని సున్నా నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. ప్రతి మెట్టు దగ్గర వచ్చిన జవాబు తర్వాతి మెట్టుకు అంచనా. పొలంలో కరెంటు వచ్చినప్పుడు జరిగేది కూడా ఇంచుమించు ఇదే. లెక్క ఎక్కడా తడబడకుండా పన్నెండు వోల్టుల దాకా ఎక్కింది. పైకి చేరాక చూస్తే కరెంటు సున్నా. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

దీనికి మందు కూడా చిన్నదే. పెద్ద విలువ ఉన్న రెసిస్టర్ ఒకటి ఆ కాలుకు తగిలిస్తే ఎప్పుడూ రవ్వంత కరెంటు అందుతూ ఉంటుంది, రెండో జవాబు అసలు లేకుండా పోతుంది. అది చేర్చి సున్నా నుంచి నడిపిస్తే కరెంటు హాయిగా పారింది. ఇక్కడ జెన్నిఫర్ మనసులోకి ఒక పాడు ఆలోచన వచ్చిందని దాచకుండా చెప్పాలి. డిజైన్‌ను ఇంకా మెరుగుపరిచాను అని కొత్త కాగితం ఒకటి ఇస్తే చాలు. పాత రిపోర్టు సంగతి ఎవరూ ఎత్తరు. వచ్చే నెలలో ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. కానీ సోమవారం దయావతి అట్టపెట్టెల దగ్గర నిలబడుతుంది, ఆ పాపం అతుకులదేనని అందరూ జీవితాంతం నమ్ముతారు. ఆ ఆలోచనతో ఆమె ఐదు నిమిషాలు కూర్చుంది. తర్వాత దాని మీద తనకే అసహ్యం వేసి లేచి నేరుగా పరీక్ష బల్ల దగ్గరికి నడిచింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దయావతి టంకం పుల్లను స్టాండులో పెట్టి విన్నది.

"అంటె, నువ్వు కంప్యూటర్ల జేసింది, నేను బల్ల మీద జేసింది ఒక్కటేనా?"

"ఒక్కటే ఆంటీ. ఇద్దరం లేపినం. రైతు ఇంట్ల లేపెటోళ్లు లేరు."

దయావతి పడీ పడీ నవ్వింది. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు. నవ్వు ఆగాక చేతులకేసి చూసుకుంది. తన అతుకులు మంచివేనని తేలినందుకు సంతోషమే. కానీ తొమ్మిది నెలలుగా ఈ డిజైన్ బోర్డులను లేపి మరీ టిక్కు పెట్టింది తానే. జెన్నిఫర్ తప్పు చెప్పుకోవడానికి వచ్చింది గానీ, ఆ బల్ల దగ్గర తప్పు రెండు వాటాలైంది.

శనివారం మీటింగ్ అంటే నాగేశ్వర్ గదిలో నాలుగు కుర్చీలు: ఆయనది, మధుబాబుది, జెన్నిఫర్‌ది, దయావతిది. నాగేశ్వర్‌ది సంగారెడ్డిలో పప్పుధాన్యాల వ్యాపారం చేసే కుటుంబం. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టంతో ఈ ఫ్యాక్టరీ పెట్టాడు, ఇక్కడ అందరూ ఆయన్ని సేటు అనే పిలుస్తారు. మధుబాబు ఫైలు తెరవబోయాడు. అంతకు ముందే జెన్నిఫర్ లేచి నిలబడింది. రాత్రంతా బట్టీ పట్టిన నాలుగు వాక్యాలూ ఎగిరిపోయాయి.

"సార్, నా రిపోర్టు తప్పు," అంది. "అతుకులు మంచిగనే ఉన్నయి. డిజైన్‌లనే తప్పుంది. నేను చూడలే."

ఆమె రాత్రి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చిన బోర్డులను బల్ల మీద పరిచి కరెంటు ఇచ్చి చూపించింది. ఒక్కటీ లేవలేదు, దయావతి వేలు ఆనిస్తే అన్నీ లేచాయి. అవి మధ్యాహ్నం దాకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయని తెలిసి మధుబాబు ముందు పెరుగు సంగతి విచారించాడు. పెరుగు క్షేమమని తెలిశాక అసలు విషయానికి వచ్చాడు. అయితే వేలు పెట్టి పాస్ చేసింది ఎవరు, తప్పు దయావతమ్మది కూడా కాదా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, మూడు వారాల్లో ఆయన అడిగిన మొదటి న్యాయమైన ప్రశ్న అదే.

దయావతి కుర్చీలోంచి కదలకుండానే జవాబు చెప్పింది. "నాదే సారూ. లేపొద్దని నాకెవ్వరు చెప్పలె, నేను గూడ అడగలె. ఇగ ఏలు పెట్ట. స్విచ్చి ఏసి పది లెక్కబెడత, లేస్తె టిక్కు, లేవకుంటె వాపసు."

నాగేశ్వర్ ఇంతసేపూ ఒక బోర్డును అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఒకరి తర్వాత ఒకరు తప్పు నాదంటే నాదని చెప్పడం ఆయన వ్యాపారంలో ఎప్పుడూ చూడలేదు. ఆ ఆశ్చర్యం ముఖంలో దాగలేదు. రిపోర్టు రాసింది జెన్నిఫర్, సరే, రాశాక దాన్ని చూసిందెవరని అడిగాడు. ఎవరూ చూడలేదు. దుకాణంలో మా నాయన కందులు కొంటే బస్తా పైన చూసి కొనడు, అడుగుదాకా గొట్టం గుచ్చి తీసి చూస్తాడు, ఈ కాగితాన్ని మనం పైన చూసి కొన్నాం అన్నాడు. తర్వాత నిర్ణయాలు చకచకా జరిగిపోయాయి. బయట ఉన్న బోర్డులన్నింటికీ రెసిస్టర్ చేర్చాలి. ఆ అతుకు దయావతి వేస్తుంది. ప్యాకింగ్ మాట ఫైలులోంచి తీసేయాలి.

అందరూ లేవబోతుంటే సేటు ఇంకో మాట అన్నాడు. ఇకపైన కంప్యూటర్ రిపోర్టు ఏది వచ్చినా కింద రెండు సంతకాలుండాలి. ఒకటి రాసిన వాళ్లది, రెండోది దయావతిది.

మధుబాబు నవ్వాపుకోలేకపోయాడు. "ఆమె పదో తరగతి గద సేటూ. ఆ లెక్కలు ఆమెకేం ఎర్క?"

"లెక్కలు ఈ పిల్లకు ఎర్క," అన్నాడు నాగేశ్వర్. "బోర్డు లేస్తదా లేవదా అని అడుగుడు ఆమెకు ఎర్క. మనకు గదే గావాలె."

తర్వాతి గురువారం జెన్నిఫర్ కొత్త ఛార్జర్ బోర్డు లెక్క పూర్తి చేసింది. రిపోర్టు రాసి, తన సంతకం పెట్టి, పరీక్ష బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. లైను మీద పని చేసే వాళ్లంతా చేతులు ఆడిస్తూనే చెవులు ఇటు పెట్టారు. దయావతి టంకం పుల్లను స్టాండులో పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చింది. కొంగుతో తుడుచుకుని, కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. అర్థం కాని చోట వేలు పెట్టి ఇదేందని అడిగింది. జెన్నిఫర్ చెప్పింది. అర్థమయ్యే దాకా మళ్లీ అడిగింది. ఒక్క పేజీకి పావుగంట పట్టింది.

"సున్నకెల్లి షురూ జేసినవా?"

"చేసిన ఆంటీ. అంచనా ఏం ఇయ్యలే."

"మంచిది. సలిల?"

ఇరవై ఏడు డిగ్రీలు అని కంప్యూటర్ తనంతట తాను పెట్టుకునే అంకెను జెన్నిఫర్ మార్చలేదు. ఐదు డిగ్రీల దగ్గర ఒకసారి, నలభై ఐదు దగ్గర ఒకసారి నడపాల్సింది. ఇన్ని పుస్తకాలు చదివి, ఫ్రిజ్ దాకా వెళ్లి వచ్చి కూడా మర్చిపోయింది. చెయ్యలేదని ఒప్పుకుంది.

దయావతి సంతకం కోసం తీసిన పెన్నుకు మూత పెట్టింది. కాగితాన్ని నలగకుండా మడిచి ఆ పిల్ల చేతికి ఇచ్చింది. తన బల్లను ఒకసారి చూసుకుని, స్టూలు ముందుకు జరుపుకుని, టంకం పుల్లను చేతిలోకి తీసుకుంది.

"చేస్కొని రా బిడ్డా, తొందరేం లేదు," అంది. "నేనేడికి పోత? ఈడనే ఉంట."